రద్దు, రద్దీ

సజ్జాల మా రద్దీ యార్డుకు
ఇంగ్లీషు బడోళ్లు పారేసిన పుస్తకాలు
మూడు ట్రక్కులు వచ్చినయి ఆ చలికాలం.
అట్టలు చింపుడు నా పని.
అట్ట ఒక కుప్ప, కాయితం ఒక కుప్ప,
అవతల ప్రెస్సు నోరు తెరుచుకొని.

ఒకటి చేతిల ఆగింది.
లోపట కథ లేదు, బొమ్మ లేదు,
ఉత్త పేర్లే, రెండు వరుసలు.
ఊరు, ఊరికి ఇద్దరు మనుషులు.
ఇంగ్లండుల రాజుకూ సభకూ కత్తులు దూసుకోకముందు,
పదహారు వందల నలభైల,
సభకు ఎన్నికైనోళ్లంట.
డిగ్రీ తప్పిన చదువుకు గింత సమజైంది.

కొందరి పక్కన చిన్న గుర్తు.
కింద చూస్తె: సచ్చిపోయిండు.
కొందరి పక్కన ఇంకో గుర్తు: వెళ్లగొట్టిన్రు.
మా క్యాంపు హాజరు పట్టీ గూడ గిట్లనే ఉంటది.

ముందుమాట బాత్రూం లైను కాడ చదివిన,
దినానికో పేజీ.
అదే ఏడు అంతకుముందు ఇంకో సభ కూడిందంట.
పైసలియ్యున్రి అన్నడు రాజు.
మా గోస ఇను ముందుగాల అన్నరు వాళ్లు.
మూడు వారాలు.
రద్దు.

ఓల్డ్ సారం అని ఒక పేరు.
ఊరంటె ఊరు గాదు,
కూలిన కోట, ఒక గుట్ట,
పొయ్యి ముట్టిచ్చెటోళ్లు లేరు.
దానికీ ఇద్దరు సభ్యులు.
మేము నాలుగు వందల పన్నెండు మందిమి,
పద్దెనిమిది పొయ్యిలు.
ఓదెలుకు చెప్తె
పెనం మీది రొట్టె తిప్పుకుంట అన్నడు:
"గుట్టకే ఇద్దరుంటె మనకెందరుండాలెరా?"

నాలుగు నెల్ల జీతం ఆగి ఉండె అప్పటికి.

శుక్రారం నాడు నీడో డబ్బకు చీలిక కోసి
ఓట్లు ఏసినం.
కాయితానికి కరువా మాకు!
మొఫిజుల్ బంగ్లల రాసిండు,
ధనబహదూర్ నేపాలీల,
రాయ రానోళ్లు గుండీలు తెంపి ఏసిన్రు.
తెల్ల గుండీ అంటె ఓదెలు.
నడిరాత్రి దాకా లెక్కపెట్టినం. ఐదుగురు.
తెల్లారి సగం అంగీలు
పిన్నీసుల మీదనే డ్యూటీకి పోయినయి.

ఐదుగురు ఆఫీసుకు పోయిన్రు.
ఏసీ గదిల నిలబెట్టి
నీళ్లిచ్చిన్రంట, ప్లాస్టిక్ గ్లాసులల్ల.
"చూద్దాం" అన్నడంట మేనేజరు.
ఆ ఒక్క చూద్దాం పట్టుకొని
పందొమ్మిది దినాలు బతికినం.

ఇరవయ్యో నాడు మూడు బండ్లు వచ్చినయి.
మేనేజరు మెస్సు నడుమ దాకా బూట్లతోని వచ్చి
ఐదు పేర్లు చదివిండు.
ఎవ్వలు లేవలె.
వంట పోశెట్టిని అడిగిండు, ఏడున్నరని.
పోశెట్టి గరిటె ఆపలె.
"పప్పు అడుగంటుతది సార్."

పుస్తకంల గూడ గంతే.
రాజే సభలకు నడిచొచ్చిండు, ఎనుక సిపాయిలు,
ఐదుగురి కోసం. లెక్క గూడ ఐదే.
వాళ్లప్పటికే నది మీద పడవెక్కి,
మా క్యాంపు మాటల చెప్పాల్నంటె,
ఖల్లివెల్లి.

ఆ పేజీ నేను తర్వాత చదివిన
అని అందరికీ చెప్పిన.
అబద్దం. ముందే చదివిన.
ఓదెలుకు చెప్పిన గూడ, టెర్రసు మీద, బట్టలారేసుకుంట.
నవ్విండు. "మనకు నదేడిదిరా,
ఇసుక తప్ప."

రెండు నెల్ల జీతం పడ్డది. రెండు పడలె.
ముగ్గుర్ని విమానం ఎక్కిచ్చిన్రు.
రాజలింగు జగిత్యాలల ఆటో తోలుతున్నడంట.
ఒకడు ఫోర్‌మన్ అయ్యిండు, వాని పేరు చెప్ప.
ఓదెలు రస్ అల్ ఖైమా క్వారీలున్నడని ఒకలు,
ఫుజైరాల చేపల పడవ మీద చూసినమని ఒకలు.
పడవ అన్నోని మాటనే నమ్మిన నేను.

చెకింగు భయానికి పుస్తకం ప్రెస్సుల ఏసిన.
ఒక్క పేజీ మాత్రం
బత్తాకా ఎనుక మడిచి పెట్టుకున్న.
గెలిచినోళ్ల పేర్లున్నయి దాంట్ల,
గుట్టను గెలిచినోళ్లయి గూడ.
ఏసినోళ్ల పేరు ఒక్కటి లేదు.

నా అంగీకి రెండో గుండీ
ఇప్పటికీ కుట్టలె.