నాలుగో నియమం

ముప్పై ఏళ్లు కుతాయిసీలో
చదరంగం పోటీలకు తీర్పరిగా కూర్చున్నాను.
చెయ్యి తగిలిన పావును కదపాల్సిందేనని
ఏడుస్తున్న పిల్లలకు కూడా చెప్పాను.
అందుకే కాబోలు
ఈ తగువుకీ నన్నే పిలిచారు.

తగువు ఒక ఆనకట్ట గురించి.
ఖోషేరి లోయలో ఉండే ఎతెరీకి
అది ఊరి మెడకు కట్టిన బండ.
ఇంజనీరు ఊచాకి
చలికాలంలో వెలిగే లక్ష కిటికీలు.
ఇద్దరూ పట్టిన కుందేళ్లకు మూడేసి కాళ్లే.
ఏడాదిగా జనం ముందు తిట్టుకున్నారు,
ఎవరి జనం వాళ్లకు చప్పట్లు కొట్టారు.
ఇక ఇద్దరే, తెర మీద ఎదురెదురుగా.
మధ్యలో నేనూ, నా పాత గడియారమూ,
రెండు ముఖాలది,
ఒకటి నడిస్తే ఒకటి ఆగేది.

నియమాలు రాయడానికి మూడు రాత్రులు పట్టింది.
ఒకటి: తలా ఎనిమిది నిమిషాలు.
రెండు: ప్రశ్నంటే ప్రశ్నే,
ఉపన్యాసానికి చివర కొక్కెం తగిలించి తేవద్దు.
మూడు: "మీలాంటి వాళ్లు" అన్న మాట నిషేధం.
(దీనికి ఇద్దరూ వెంటనే తలూపారు,
ఆ జబ్బు ఎదుటివారిదే అనుకుని.)
నాలుగు: ఎదుటివారి వాదం ముందు నువ్వు చెప్పు.
"అవును, నేనన్నది అదే" అని వాళ్లు అన్నాకే
నీ జవాబు మొదలు.

ఎతెరీ మండిపడింది.
"నా ఇల్లు ముంచే మాట నా నోటితోనా?"
ఊచా నవ్వాడు.
"ఆమెకు వాదం ఎక్కడిది, కన్నీళ్లేగా."
నేను ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు.
ఆ తర్వాత ఆధారాలూ, విరామాలూ,
దగ్గు తెర వస్తే ఏం చెయ్యాలన్నదీ రాశాను.
కరెంటు పోతే ఏం చెయ్యాలో మాత్రం
ముప్పై ఏళ్ల అనుభవానికి తట్టలేదు.

నవంబరు, గురువారం సాయంత్రం.
ఎతెరీ మాట్లాడుతోంది:
"మంచు కరిగే ముందు నది ఒక చప్పుడు చేస్తుంది,
అది విని మా అమ్మ..."
తెర నల్లబడింది.

ఆమె వైపు ముల్లు నడుస్తూనే ఉంది.
నాలుగు నిమిషాలు మిగిలాయి. మూడున్నర.
చదరంగంలో దీనికి జాలి లేదు.
నా వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు.

ఊచాకు ఇంతకన్నా ఏం కావాలి?
"చూశారా, అందుకే ఆనకట్ట" అంటే చాలు.
ఆ మాట పెదవి చివరిదాకా రావడం చూశాను.
మింగాడు.
"గడియారం ఆపండి, నానులీ."
మళ్లీ తనే, "వద్దు, నడవనివ్వండి.
నాలుగో నియమం ఉందిగా.
ఆమె సమయంలో ఆమె మాట నేను చెబుతాను."

మొదట బిల్లు చదివినట్టే చదివాడు.
నలభై రెండు ఇళ్లు. ఒక చర్చి,
దాని గోడ మీద సగం చెరిగిన దేవదూత.
రెండు శ్మశానాలు.
అక్కడ ఆగాడు.
"చచ్చిపోయినవాళ్లకి మా పట్టికలో గడి లేదు.
ఆమె అడిగేది ఏమిటంటే,
ఈస్టరు నాడు సమాధి మీద పొయ్యాల్సిన వైను
నీళ్ల మీద ఎక్కడ పొయ్యాలని."
పరాయి చొక్కా తొడుక్కున్నవాడిలా
భుజాలు సర్దుకుంటూ మాట్లాడాడు.
మెడ మీద ఎరుపు పాకింది.

నలభై సెకన్లు ఉండగా ఎతెరీ వచ్చింది,
ఫోనులో, కొవ్వొత్తి పక్కన, సగం ముఖంతో.
అతను మొదటినుంచీ మళ్లీ చెప్పాడు.
"మీరన్నది అదేనా?"
చాలాసేపు చూసింది.
"కాదు. నది చప్పుడు వదిలేశావు."
"అది నాకు తెలియదు."
"తెలియదని చెప్పు. అదీ నా వాదమే."
చెప్పాడు.

ఇప్పుడు ఆమె వంతు.
ఖోషేరిలో కరెంటు ఇంకా రాలేదు.
ఎనిమిదో నియమం దగ్గర నా కాగితం
ఇంకా ఖాళీగానే ఉంది.
మీట నొక్కాను.
మైనం చుక్క వేలి మీద పడి ఉంటుంది, చెయ్యి విదిల్చి,
గొంతు సవరించుకుని,
ఎతెరీ అతని మాట మొదలుపెట్టింది:
"నాకు వెలుతురు కావాలి."