పద్దెనిమిదిన్నర మంది

మనామాలో మధ్యాహ్నం మూడు. కిటికీ అద్దం తాకితే చురుక్కుమంటుంది.
లోపల ఫ్రీజర్ గదిలో స్వెటర్ వేసుకుని
ఐదొందల మంది రక్తాన్ని మూడు గడుల్లో సర్దుతున్నాను.

మామూలు జన్యువులే రెండూ ఉన్నవాళ్లు నాలుగొందలు.
కొడవలి జన్యువులే రెండూ ఉన్నవాళ్లు పదహారు.
అదొకటీ ఇదొకటీ ఉన్నవాళ్లు ఎనభై నాలుగు.

ఎనిమిదో తరగతిలో మా లెక్కల అయ్యోరు
తొడపాశం పెట్టి మరీ వల్లె వేయించిన
ఎ ప్లస్ బి హోల్ స్క్వేరే ఇది.
ఇన్నేళ్లకి, ఉప్పునీళ్ల నడుమ, మనుషుల మీద వాడుతున్నా.
దాని ప్రకారం కలగలుపు వాళ్లు నూటరెండున్నర మంది ఉండాలి.
పద్దెనిమిదిన్నర మంది తక్కువ.
పద్దెనిమిది మందినైతే వెతకొచ్చు,
ఆ అర మనిషిని ఏ గేటు దగ్గర అడిగేది?

సూత్రానికి షరతులున్నాయి:
ఊళ్లోకి ఎవరూ రాకూడదు, ఊరొదిలి ఎవరూ పోకూడదు,
జబ్బుతో ఎవరూ ముందే రాలిపోకూడదు,
పెళ్లికి ఎవరూ ఎవరినీ ఏరుకోకూడదు.
రాత్రంతా విమానాలు దిగే ఊళ్లో కూర్చుని
ఇవి చదివితే నవ్వొస్తుంది.
అయినా లేని ఊరితోనే ఉన్న ఊరిని కొలవాలి,
మేస్త్రీ తూకంగుండు వేలాడేసి వంకర గోడను పట్టినట్టు.

కై-స్క్వేర్ పదహారు దాటింది.
నాలుగు లోపుంటే ఊరుకునేదాన్ని.

హుదా రిజిస్టరు తెచ్చి పక్కన కూర్చుంది.
"వీళ్లంతా ఒక్క జనమని నీకెవరు చెప్పారు?"
పల్లెలు ఒక కుప్ప, పట్నం ఒక కుప్ప,
తుబ్లీ క్యాంపు మంచాలు ఇంకో కుప్ప.
విడదీస్తే రెండు కుప్పలు చల్లబడ్డాయి.
తప్పిపోయారనుకున్న వాళ్లలో చాలామంది అసలు పుట్టనే లేదు.
ఒకరి పొయ్యి మీదిది ఒకరు తినని వాళ్లని
ఒకే కుండలో పోసి, ఎందుకు కలవలేదని అడిగాం.

పల్లెల కుప్ప మాత్రం మొండికేసింది.
"బింత్ అమ్మీ," అంది హుదా, ఉంగరం తిప్పుకుంటూ. బాబాయి కూతురు.
మాకైతే చెల్లెలు! నేను నోరు తెరిచాను.
మావైపు అక్క కూతుర్ని చేసుకుంటారంటే
నోరు తెరవడం ఈసారి తన వంతు.
సూత్రం మా ఇద్దరినీ పట్టించుకోలేదు,
రెండింటికీ ఎఫ్ అని ఒకే అక్షరం పెట్టింది.

ఐదింటికి ఓబులేసు వచ్చాడు. తుబ్లీ క్యాంపు, నంబరు మూడొందల పదకొండు,
ఆ ఎనభై నలుగురిలో ఒకడు. రాయచోటి అవతల పల్లె.
"అక్క కూతుర్నే చేసుకున్న్యా మేడమ్. ఇప్పుడు ఆరో నెల.
పుట్టేదానికి ఏమైతాదో మీ మిషన్లో తెలుస్తాదా?"

ఐదొందల మంది సంగతి చెప్పే కాగితం నా చేతిలోనే ఉంది.
ఒక్క బిడ్డ సంగతి దానికి తెలీదు.
వాళ్లావిడకి చేయించాల్సిన పరీక్ష పేరు
చీటీ మీద తెలుగులో రాసిచ్చాను.
గోడకి ఆనించి ఫొటో తీశాడు,
వెలుతురు చాల్లేదని ఇంకోటి తీశాడు, పంపాడు.
ఒక టిక్కు పడింది.
రెండోదాని కోసం
ఇద్దరం కాసేపు అట్లాగే నిలబడ్డాం.