తిరగరాత

ఆషాఢం గాలి అనంతపురంలో ఎవరి మాటా వినదు.
షెడ్డు చుట్టూ గోనెపట్టలు కట్టి, నేలంతా నీళ్ళు చల్లి
తెల్లవారుజామునే గన్ను పట్టినా
మూడో కోటింగు మీద వచ్చి వాలింది
యాడిదో బీడు చేను మన్ను.

సుంకులమ్మ వచ్చింది.
ఓమ్ని చుట్టూ రెండు సుట్లు తిరిగింది.
"ఏం వన్నూరప్పా, బంతిపూవు పసుపు అడిగితి గదా,
ఇది కామెర్లొచ్చిన కన్ను మాదిరుండాదే" అనింది.
నాకు కోపమొచ్చింది,
ఆమె అన్నది నిజం గాబట్టి.

గాలికి థిన్నరు దావలోనే ఆరిపోయి
రంగు రేకును చేరేలోపలే పొడైపోయింది.
తలుపుల మీద బరక, ముందు రేకు మీద నారింజ తొక్క.
పైకప్పు మాత్రం అద్దమే.
ఎవురూ చూడని చోట నా చెయ్యి బాగా ఆడతాది.

యింగ చేసేదేముంది.
పదైదునూర్ల నీళ్ళ పేపరు బకెట్లో నానేసి
రెండు చుక్కల సబ్బు కలిపి
చెక్కకు చుట్టి, ఒక సుట్టు నిలువుకు, ఒక సుట్టు అడ్డానికి.
వేళ్ళతో రుద్దితే వేళ్ళ గుంతలే పడతాయని
మా మేస్త్రి ఖాజావలి చెవి మెలేసి చెప్పినాడు.
ఆ చెవి ఇప్పటికీ నొస్తాండాది.

పిల్లోడు జిలాను అడిగినాడు:
"మామా, మెరుపు తెమ్మంటే
ఉన్న మెరుపును గూడా చంపుతాండావే?"
చంపల్ల రా.
రబ్బరు ముక్కతో నీళ్ళు లాగి చూడు,
యాడ మెరుస్తాందో ఆడ గుంత ఉన్నట్టు.
అంతా ఒకే తీరుగా మసకబారిందాకా
చెయ్యి ఆపగూడదు.

పొద్దు వంగింది.
ఏటవాలు వెలుతురు ముందు రేకు మీద పడేసరికి
పసుపు కింద ఏదో కదిలింది.
అక్షరాలు.
ఇంగ్లీషువి, కుడి నుంచి ఎడమకు తిరగరాసినవి,
ముందు పోయే బండోడు అద్దంలో చదువుకోని
పక్కకు తప్పుకోవాలని.
రాసినోడెవడో రంగు చిక్కగా పోసినాడు.
అంతా గీకేసినా అనుకున్నా,
అంచులు మిగిలినాయి, మానిపోయిన కుట్ల మాదిరి.

ఆసుపత్రి బండని బ్రోకరు చెప్పలే. నేనూ చెప్పలే.
సుంకులమ్మ వేలు పెట్టి ఒక్కో గీతా తడిమింది.
ఈ బండిలో ఆమె ఉగ్గాని అమ్మల్ల, బజ్జీలు వెయ్యల్ల.
"ఎంతమంది పోయింటారు దీంట్లో?"
నాకేం తెలుసమ్మా, నేను పెయింటర్ని.
చానాసేపు పలకలే.
"బతికినోళ్ళే ఎక్కువుంటారులే,
లేకుంటే ఇంజను ఇన్నేండ్లు ఆడతాదా" అనింది.
మళ్ళీ ఎంటనే,
"ఐదునూర్లు తగ్గించు."

రేకు దాకా దిగి మళ్ళీ ఎత్తుకుంటే నాలుగు రోజులు.
శుక్రవారం పొయ్యి ముట్టించల్లంట.
రెండువేల పేపరుతో ఇంకో సుట్టు తిప్పి
కాంపౌండు పూసి, ఉన్ని చక్రం ఎక్కించినా.
ఒకేచోట నిలబెడితే కాలిపోతాది,
ఎత్తి ఎత్తి ఆడించల్ల, పసిబిడ్డ వీపు తట్టినట్లు.
అయినా తలుపు అంచున ఒకచోట
పసుపు తెగి పాత తెలుపు బయటపడింది,
గోరంత.
సన్న కుంచెతో పూసి, ఎవురికీ చెప్పలే.

శుక్రవారం టవర్ క్లాక్ కాడికి పోయినా.
దుమ్ములో బండి దీపం మాదిరి వెలుగుతాంది.
పక్క రేకులో కరెంటు తీగలు, జనం, నా మొగం,
అన్నీ వంకర లేకుండా నిలబడినాయి.
ముందు రేకును మాత్రం వంగి, తల పక్కకు పెట్టి
ఒక్కణ్ణే చూసుకున్నా.

పొయ్యార్పి ఆమె బండి కదిలించే యాళకు
దావకు అడ్డంగా ఉన్న ఆటోవాడు
అద్దంలోకి చూసి
గబుక్కున పక్కకు జరిగినాడు.
ఆమె హారను కొట్టింది, అందుకేనేమో.

నేను బజ్జీ నూనె చేత్తో బండిని తాకబోయి
చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నా.