గోడ దాకానే

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే నేర్పారు నాకు:
తీగ మనది, డబ్బా మనది,
డబ్బాలో పచ్చదీపం వెలిగితే మన పని అయిపోయినట్టు.
ఆపైన గుచ్చుకునేవన్నీ పరాయి సొత్తు.

గుణుపురం, పద్మపురం పోయే రోడ్డు,
గేదెల ఊర్మిళ గారి కోడిపిల్లల షెడ్డు.
రేకుల కింద సెల్లు మూగది.
పాత ల్యాండ్‌లైను చచ్చిపోయాక
ఏదో హైదరాబాదు కంపెనీ దగ్గర
నెట్టు మీద మాట్లాడే ఫోను కొనుక్కుంది,
అరచేతంత తెల్లపెట్టె.
దాని నంబరే పిల్లల్ని పంపే ప్రతి అట్టపెట్టె మీదా అచ్చయి
కురుపాం, భామిని, ఇటు రామనగూడ దాకా తిరుగుతోంది.

మంగళవారం పన్నెండు వందల గుడ్లు పగిలాయి.
బుధవారం ఫోను పాడయింది.

"నా మాట ఎల్తంది బావూ, ఆల మాట రాటం నేదు."
వెళ్తోందని ఎలా తెలుసంటే,
పార్వతీపురం నుంచి ఒకాయన బండేసుకొచ్చి మరీ చెప్పాడట:
అమ్మా, నీ అలో వినిపిస్తోంది,
వెనక పిల్లల కిచకిచా వినిపిస్తోంది,
నీకు నేనే లేను.

ఫోను వాళ్ళని అడిగితే, మీ నెట్టు వాళ్ళని అడగండి.
మా ఆఫీసుని అడిగితే, మీ ఫోను వాళ్ళని అడగండి.
శుక్రవారం దాకా ఆవిడ
రెండు చెక్‌పోస్టుల నడుమ లారీలా నిలబడి ఉంది.
ఈ గేటువాడికి కావలసిన కాగితం
ఎప్పుడూ ఆ గేటువాడి దగ్గరే.

రాయగడ నుంచి మేనేజరు బెహరా బాబు, మర్యాదగానే:
"స్పీడు చూశావా? ఉంది కదా.
ఆమర దాయిత్వ నుహేఁ. వచ్చెయ్."
బాధ్యతని ఒడియాలో దాయిత్వ అంటారు.
రెండు మాటలూ మా ఇంట్లోవే.
రెండిటి పక్కనా 'కాదు' ఎంత సులువుగా కూచుంటుందో
జీతం పుచ్చుకున్నాకే తెలిసింది.

వచ్చేద్దును.
అబద్ధమెందుకు, బండి స్టాండు తీశాను కూడా.
గుమ్మం పక్కన, ఎవరూ పట్టుకెళ్ళని పెట్టెలు ఆరు.
గుడ్డులోంచి కడుపులో తెచ్చుకున్న సొన
పిల్లకి మూడు రోజుల చద్దిమూట.
ఇవాళ మూడోరోజని ఆవిడ అనలేదు.
పెట్టె మీద తేదీ ఉంది.

మెట్టు మీద కూచుని మా డబ్బా తెరిచాను,
మూత కాదు, లోపలి లెక్కలు.
మొన్నటి అప్‌డేట్‌తో, ఎవరూ అడక్కుండా
మేమే పెట్టిన టిక్కు ఒకటి,
నెట్టు ఫోన్లకి సాయం చేయడానికట.
సాయమంటే, వెళ్ళే ప్రతి కవరు మీదా
తిరుగు చిరునామా చెరిపి
మా డబ్బా తనకి తోచింది రాస్తుంది.
జవాబులు వచ్చాయి, రాకపోలేదు.
లేని గుమ్మం ముందు కాసేపు నిలబడి వెళ్ళిపోయాయి.
(మా తాత ఉత్తరాలూ ఇలాగే పోయేవట.
తెలుగులో గుణుపురం అని చూసి
శ్రీకాకుళం జిల్లా అంతా వెతికేవారట.)

టిక్కు తీసేశాను.
ఒక్క వేలు.
నెలనెలా ఏడొందలు తీసుకునే కంపెనీకి
అది గోడ అవతలి పని.

ఫోను మోగింది.
ఎత్తి, ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు.
అవతల ఎవరో అరుస్తున్నారు, నాదాకా వస్తోంది:
"పిల్లలున్నాయా? అయిపోనాయా? అమ్మా?"
ఆవిడ వింటోంది.

మా రిపోర్టులో 'కారణం' అని ఒక గడి.
'కస్టమరు ఫోను లోపం' ముందే అచ్చయి ఉంటుంది,
టిక్కు పెట్టడమే తరవాయి.
పెట్టలేదు. లోపం మన డబ్బాలో అని చేత్తో రాశాను,
ముందు తెలుగులో, పంపేముందు ఒడియాలో.
బెహరా బాబు దాన్ని గురించి ఇప్పటిదాకా ఒక్క మాటా అనలేదు.
అది మంచిదో కాదో నాకు తెలీదు.

మరుసటి నెల అప్‌డేట్ వచ్చింది.
టిక్కు తనంతట తానే తిరిగొచ్చింది.
నేనూ వెళ్ళాను, ఎవరూ పంపకుండా.
డబ్బా కింద, సున్నం గోడ మీద
మా కంపెనీ నంబరు కొట్టేసి
బొగ్గుతో నా నంబరు రాసి ఉంది.