ఎర్ర మూత

"అర్థమైందా?" అని అడగడం
మానేసి పదకొండేళ్ళు.
గుంటూరు పెద్దాసుపత్రిలో ఆ ప్రశ్నకు
ఎవరైనా చెప్పే జవాబు ఒకటే:
ఆఁ, సిస్టరమ్మా.

నాగుల్‌మీరా కూడా అదే అన్నాడు.
మిర్చి యార్డులో హమాలీ.
కుడికాలి బొటనవేలికి పుండు, రక్తం నిండా చక్కెర.
ఇంటికి పంపే రోజు మంచం పక్కన నిలబడి
ఇన్సులిన్ సంగతంతా చెప్పాను
బస్సు తప్పిపోతున్నదాన్లా.
పొద్దున ఇరవై, రాత్రి పన్నెండు,
అన్నానికి ముందు, బొడ్డుకు రెండు వేళ్ళ ఎడంగా.
తల ఊపాడు.
'వివరించడమైనది' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఇరవై రెండో రోజు మళ్ళీ అదే వార్డు.
పుండు వేలు దాటి పాదం మీదికి పాకింది.
చక్కెర నాలుగు వందల అరవై.
"సూదులు మానేశావు కదూ?"
గద్దించాను.
కాశింబీ ఏమీ మాట్లాడకుండా
గుడ్డసంచి విప్పి నా ముందు కుమ్మరించింది
వాడేసిన సిరంజీలు,
లెక్కకు ఒక్కటీ తగ్గలేదు.
మేమిచ్చిన నాలుగూ ఎర్ర మూతలవి.
కొట్లో కొన్నవన్నీ నారింజ.

మా సీసా నలభైది. దానికి ఎర్ర మూత.
నారింజ మూత వంద సీసాకు.
గీత ఇరవై దగ్గరే ఉంది,
లోపలికి వెళ్ళిన మందు ఎనిమిది.
పూటపూటా, గీత తప్పకుండా,
నేను చెప్పినట్టే పొడుచుకున్నాడు.
తప్పు ఆ చేతిది కాదు.
నా వాక్యంలో రంగు లేదు.

ఆ రాత్రి స్టూలు లాక్కుని కూర్చున్నాను.
"మీ టిక్కీ ఎంత తూగుద్ది?"
"నలభై, అటూ ఇటుగా."
"ఈ సీసా మీద చూడు."
"నాలుగు, సున్నా."
"మరి టిక్కీలో ఉండేదేంటి?"
నవ్వాడు. "ఎర్రకాయ."
"మూత?"
"ఎర్రదే. ఇంకో రంగిస్తే కొట్టోడికి తిప్పి ఇచ్చేస్తా."

పొడిచిన చోటే పొడవొద్దంటే
మొదట తలకెక్కలేదు.
తర్వాత తనే చొక్కా జరిపి
ఇరవయ్యేళ్ళ బస్తాలు కట్టించిన కాయ చూపించాడు.
"పొట్ట మీద ఇట్టా కడుద్దా?"
కడుతుంది. కడితే మందు సరిగా ఇంకదు.
"అయితే భుజం మార్చినట్టు మారుస్తాలే."

ఫ్రిజ్ లేదు.
కుండలో కుండ, మధ్యన తడి ఇసుక:
నేను నోరు తెరిచేలోపే కాశింబీ చెప్పేసింది.

ఇక చక్కెర పడిపోయినప్పుడు.
"చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి..."
"ఏప్రిల్‌లో, యార్డులో,
చెమట పట్టనోడు ఎవడమ్మా?"
పుస్తకంలో చెమట అని ఉంది,
ఏ ఎండలోనో రాసి లేదు.
అతనే కాసేపు కళ్ళు మూసుకుని,
వార్డులో ఒకసారి తనకైంది గుర్తు చేసుకుని అన్నాడు:
"బస్తా చెమట కాగుద్ది.
అది మాత్రం మెడెనక చల్లగా,
కుండ చెమర్చినట్టు."

అప్పుడు బస్తా దించాలి,
జేబులో పొట్లం విప్పి చక్కెర నోట్లో వేసుకోవాలి,
కూర్చోవాలి.
"దించాలి," అన్నాడు మళ్ళీ,
ఆ మాటొక్కటే బరువైనట్టు.
దించితే కూలి పోతుంది.
దానికి నా ట్రేలో ఏమీ లేదు.

"ఇప్పుడు నేను రోగిని. నువ్వు నేర్పు."
సీసాను గిలక్కొట్టాడు. కాదన్నాను.
అరచేతుల మధ్య దొర్లించబోయి జారవిడిచాడు.
మూడోసారి, చుట్ట చుట్టినంత నెమ్మదిగా దొర్లించి,
నా వంక కాదు,
గీత వంక చూశాడు.

బొటనవేలు దక్కలేదు.

ట్రైనింగు పిల్లలకు ఇప్పుడు
చల్లని చెమట అని చెబుతాను,
కుండ పోలికతో సహా.
రిజిస్టర్లో ఆ గడి ఇంకా అంతే ఉంది.
నేను గడి బయట, అంచులో, చిన్నగా రాస్తాను:
తిరిగి చెప్పాడు. తిరిగి చెప్పింది.
ఒక్కోసారి: ఇంకా చెప్పలేదు, రేపు.

అతన్ని తీసుకెళ్ళడానికి
యార్డు నుంచి నలుగురు తిన్నగా వచ్చారు,
భుజాల మీద తువాళ్ళతో.
ఏడో మంచం నుంచి పన్నెండో మంచం దాకా
అందరం తుమ్మాం.