పరిశీలనలో ఉంది

నత్తనడక అనకండి ఆ ఆఫీసుది.
నత్త ఎప్పటికో అప్పటికి చేరుతుంది,
దారి పొడవునా ఒక తడి గీత వదిలి.

కెంటకీ కొండల్లో రెడ్‌లిక్ వాగు.
మోకాటి లోతు నీళ్ళలో బోర్లా పడుకుని
నోట్లో గొట్టం, మొహానికి అద్దం,
ఆర్డిత్ కాడిల్ ఆల్చిప్పల్ని లెక్కపెడుతోంది.
మొదటి అర్జీ రాసినప్పుడు ఆమెకి ముప్పై నాలుగు,
చిప్పలు నాలుగు వందల పన్నెండు.

స్వాతిచినుక్కి నోరు తెరిచే చిప్ప కాదిది.
ముత్యం ఇవ్వదు. కూరకి పనికిరాదు.
రోజంతా వాగుని తాగి
వాగునే తిరిగి ఇచ్చేస్తుంది, కాస్త తేటగా.
పిల్లల్ని వదిలే రుతువులో మాత్రం
తన ఒంటి అంచుని చేపపిల్లలా ఆడిస్తుంది.
కన్నూ, తోకా, అన్నీ అబద్ధమే.
నిజం చేప ఒకటి నమ్మి దగ్గరికొస్తే
దాని మొప్పల్లోకి బిడ్డల్ని ఊదేస్తుంది.
"ఇంత పనీ కళ్ళు లేకుండానే" అంటుంది ఆర్డిత్
కళ్ళజోడు తుడుచుకుంటూ.

జవాబులు రాలేదని కాదు, వచ్చాయి.
"రక్షణకు అర్హమైనదే. అయితే
దీనికంటే ముందున్నవి ఉన్నాయి."
మరుసటేడు అదే ఉత్తరం, తేదీ మార్చి.
ఒక ఏడు తేదీ కూడా మార్చలేదు.
ఆమె వాటిని బొత్తాల డబ్బాలో దాచింది.
తాత డబ్బా అది. ఆయన
ఏటి ఒడ్డు కార్ఖానాలో చిప్పలకి గుండ్రటి బెజ్జాలు కోసి
ఊరూరి చొక్కాలకి బొత్తాలు పంపినవాడు.
"మా ఇంటి అప్పు" అంటుంది. అంతకుమించి చెప్పదు.

చిప్ప మీద ఏడాదికో గీత,
ఫైలు మీద ఏడాదికో ముద్ర.
రెండూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చుందొకసారి
పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోయేదాకా.

గని కడిగిన నల్లనీళ్ళు రెండుసార్లు వచ్చాయి.
తొంభై ఆరు. ముప్పై ఒకటి. పదకొండు.
అన్నీ ముసలివే.
బొటనవేలి గోరంత చిప్ప కనపడక
పన్నెండేళ్ళు.
నోరు మూసుకుని బతకడం వాటికి అలవాటు.
చచ్చాకే తెరుస్తాయి.

ఈ మార్చిలో వచ్చింది కవరు, కాస్త బరువుగా.
జాబితాలో చేరిందట. చట్టం వర్తిస్తుందట.
పొరుగింటి డెల్మర్ కేకు పట్టుకొచ్చాడు.
నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో:
ఇకమీదట ఈ ప్రాణిని తాకుట, ఎత్తుట, కదిలించుట
అనుమతి లేనిదే నేరము.
దరఖాస్తు జతచేయడమైనది.
పరిశీలనకు పట్టు కాలము చెప్పజాలము.

ఇవాళ ఆర్డిత్ వాగులో నిలబడి ఉంది
అరవై ఒక్కేళ్ళ చేతులు వెనక్కి కట్టుకుని.
కాళ్ళ దగ్గర ఒక చిప్ప
రాని చేప కోసం తన అబద్ధపు చేపని
ఆడిస్తోంది, ఆడిస్తోంది.
రాత్రి వానకి ఒక పక్క ఇసుక మేట వేసింది.
తొలగించడానికి
ఒక్క వేలు చాలు.