తోక లేని మాట

పది వాక్యాలు రాసుకొని రమ్మన్నాడంట ఇంగ్లీషు సారు,
కట్ అనే క్రియ మీద.
మూడు రాసి, పెన్ను నోట్లో పెట్టుకొని
నా పక్క చూస్తా ఉండాది రెడ్డిరాణి.

నేను సంగటి కెలుకుతా ఉండాను.
ఏడో తరగతి కాడ నిలిచిపోయినదాన్ని,
నన్నడిగితే ఏమొస్తాది ఇంగ్లీషు?
అయినా ఈ ఒక్క మాటా నాకు తెలుసు.
గుడిపాల రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
కటింగ్ సెక్షన్, మూడో బల్ల,
పదకొండు సీజన్లు.

రాసుకో అన్నాను.
కరెంటు కట్.
మన సంతపేటకు కొళాయి నీళ్లు కట్, శుక్రవారం తప్ప.
మీ చిన్నాయనకు ఫోన్ చేసి అప్పు సంగతి ఎత్తు,
వెంటనే కట్.
మీ అన్నకు పాలిటెక్నిక్‌లో రెండు మార్కుల కాడ కటాఫ్.
వాడు సెలూన్లో వంద పోసి
తలలో గీయించుకొచ్చిన ఆ గీత కూడా కట్టే, రాసుకో.
సినిమాలో సీను కట్ అయిందని
మీ నాయన టికెట్టోడితో కొట్లాడినాడే, అది.

నవ్వతా రాసుకునింది.
తొమ్మిదైనాయి.

"మూడు కాలాలకీ ఒకే రూపమంట మ్మా" అనింది.
కట్, కట్, కట్.
నిన్న కోసినా అదే, ఈ పొద్దు కోసినా అదే.
ఆ మాటకు నా చెయ్యి ఊఁ కొట్టింది.
తోతాపురి కాయ బల్ల మీదికి దొర్లతాది,
ముక్కు తీసి, ఈ చెంపా ఆ చెంపా చెక్కి,
టెంక తొట్లో పడేసి,
మళ్లా కాయ.
పోయినేటిదో ఈ యేటిదో కత్తికి పట్టదు.
సొన పడి వేళ్ల సందుల్లో పొక్కిన తావు మాత్రం
ఉప్పు తగిలితే లెక్క చెప్తాది.

"మ్మా, కట్‌కి ఒక ఒత్తూ ఒక కొమ్మూ ఇస్తే కట్టు!"
సారుక్కూడా తెలీని సంగతి కనిపెట్టినట్టు ఎగిరింది.
నాకు చెంగమ్మ వేలు కళ్లముందు ఆడింది.
పచ్చటి గుజ్జు మీద ఎర్రటి చుక్క, చిన్నదే.
ఆ క్రేటు పక్కన పెట్టండి అన్నారు,
చెంగమ్మను తర్వాత చూసినారు.
ఆ దినం ఒత్తూ కొమ్మూ
నా పైట కొంగు చించితే దొరికినాయి.

"పదోది?"

పదోది నోటి దాకా వచ్చి నిలబడింది.
శనివారం కవరు చింపితే నూటెనభై తక్కువ.
"మూడు గంటలు కట్ అయినాయమ్మా" అన్నాడు లోకనాథం,
మొగం రిజిస్టరులో పెట్టుకొని.
ట్రాక్టర్లను గేటు కాడే నిలిపింది వాళ్లు,
కాయ రాక ఖాళీ బల్లలకు కావిలున్నింది మేము,
కట్ అయింది మాత్రం
వాన కురిసినట్టు, దానంతట అదే.

మన మాటకు తోక ఉంటాది గదా.
కోసినాను అంటే నేను.
కోసింది అంటే చెంగమ్మ.
కోసినారు అంటే, పేరు చెప్పకపోయినా,
ఎవురో ఇస్త్రీ చొక్కా వాళ్లు.
తోక పట్టి లాగితే మనిషి బయటికి వస్తాడు.
ఈ ఇంగ్లీషు మాట మొండితోక బల్లి,
ఎక్కడ పట్టుకునేది?
పక్కన చేసినారు అని పెడితే ఎవురో ఉండారు,
అయింది అని పెడితే ఎవురూ లేరు.
అంతే తేడా. నూటెనభై రూపాయలు.

పదోది తెలుగులోనే చెప్పినాను.
రెడ్డిరాణి దాన్ని ఎట్లా తిప్పి రాసిందో తెలీదు.
సారు తొమ్మిదింటికి టిక్కు పెట్టి,
పదో దాని కింద ఎర్ర గీత గీసి
"ఎవరు?" అని రాసినాడంట.

మళ్లా శనివారం లైన్లో నా వంతు వచ్చింది.
ఆ ఒక్క మాటే అడిగినాను,
నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు.
నా వెనక చెంగమ్మ, చెంగమ్మ వెనక నలభై మంది,
ఎవురూ నెట్టలేదు.
లోకనాథం పెన్ను మూత తీసి
పెట్టి
మళ్లా తీసినాడు.